మైటోకాండ్రియా నిప్పురవ్వలే క్యాన్సర్‌కి కారణమా?

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. బంధువులు పంపిన ఒక వీడియోలో ఇలా చెప్పారు: క్యాన్సర్ జన్యువుల జబ్బు కాదు, మైటోకాండ్రియా (కణం లోపల తిండిని మండించి శక్తి తయారు చేసే బుల్లి పొయ్యిలు) జబ్బు. అక్కడ పుట్టే ఫ్రీ రాడికల్స్, అంటే నిప్పురవ్వల్లాంటి చురుకైన అణువులు, డీఎన్ఏని కాల్చేస్తాయి. అన్నం, తీపి పూర్తిగా మాన్పించి, ఆ రవ్వల్ని ఆర్పే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేస్తే గడ్డ ఆకలితో మాడి చస్తుంది. మీరు బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదువుకున్నారు కాబట్టి అందులో కొంత నిజం ఉన్నట్టు అనిపించింది, కొంత అనుమానమూ వచ్చింది. చివర్లో మీ సొంత భయం కూడా రాశారు: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కదా, అయితే ఈ జబ్బు నాకూ వస్తుందా అని.

నేను డాక్టర్ని కాదు. 18 ఏళ్లుగా లాబులో క్యాన్సర్ కణాలను పెంచి, అవి ఎంత ఆక్సిజన్ తాగుతున్నాయో కొలవడం నా పని. వైద్యం సంగతిలో చివరి మాట మీ అమ్మగారి ఆంకాలజిస్టుదే. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను, ఎందుకంటే మీరు టెన్షన్‌లో ఉన్నారు: ఆ మాత్రలు వేయకండి, అన్నం మాన్పించకండి. ఎందుకన్నది కాస్త వివరంగా చెబుతాను. ఈ విషయంలో వీడియోలు చెప్పేదానికంటే నిజం చాలా లోతుగా ఉంది, నిజానికి చాలా అందంగా కూడా ఉంది.

వీడియోలోని మాటకు మూలం జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్. 1920లలో బెర్లిన్‌లో గడ్డల నుంచి కోసిన పలచటి ముక్కల మీద పనిచేస్తూ ఆయన ఒక వింత గమనించాడు. ఆక్సిజన్ కావలసినంత ఉన్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని పూర్తిగా మండించుకోకుండా, సగంలో వదిలేసి లాక్టిక్ ఆమ్లంగా బయటికి పారబోస్తున్నాయి. ఇది మేం రోజూ కళ్లారా చూసే సంగతే. కణాలను పెంచే ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు కలిపి ఉంటుంది. మామూలుగా ఎర్రగా ఉంటుంది, ఆమ్లం పెరిగితే పసుపుపచ్చగా మారుతుంది. చురుగ్గా పెరిగే క్యాన్సర్ కణాలు కిక్కిరిసిన డిష్‌లో సాయంత్రం కొత్త ద్రవం పోసి ఇంటికి వెళితే, పొద్దున్నే పసుపు తిరిగి కనిపిస్తుంది. మీ అమ్మగారికి పెట్ స్కాన్ తీసి ఉంటే అదీ ఈ గుణం మీద ఆధారపడిన పరీక్షే. గ్లూకోజ్‌ని పోలిన పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఎక్కిస్తారు, గ్లూకోజ్‌ని ఆబగా లాక్కునే చోట్లు వెలుగుతాయి.

వార్‌బర్గ్ చూసింది నిజం. ఆయన చెప్పిన కారణం నిలబడలేదు. 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆయన, కణంలో శ్వాసక్రియ బాగుచేయలేనంతగా దెబ్బతినడమే క్యాన్సర్‌కి మొదలు అన్నాడు. ఆ తర్వాత కొలిచినవాళ్లకు తేలింది ఏమిటంటే, చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా శుభ్రంగా పనిచేస్తూనే ఉంది. గ్లూకోజ్‌ని పారబోస్తున్నది పొయ్యి పాడై కాదు. వేగంగా పెరిగే కణానికి శక్తి ఒక్కటే సరిపోదు, కొత్త కణం కట్టుకోవడానికి కొవ్వులు, అమైనో ఆమ్లాలు, డీఎన్ఏ అక్షరాలు కావాలి. ఆ సరుకులో పెద్ద భాగం మైటోకాండ్రియా మీద ఆధారపడే తయారవుతుంది.

క్యాన్సర్‌కి మైటోకాండ్రియా ఎంత అవసరమో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మన వీధి కుక్కలది. వాటి జననాంగాల దగ్గర గడ్డలు మీరు చూసే ఉంటారు. అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి సంపర్కం ద్వారా అంటుకునే క్యాన్సర్. అంటుకునేది వైరస్ కాదు, క్యాన్సర్ కణమే. వేల ఏళ్ల కిందట ఎప్పుడో ఒక కుక్కలో పుట్టిన కణాలే ఇప్పటికీ లోకమంతా తిరుగుతున్నాయి. 2011లో, మళ్లీ 2016లో శాస్త్రవేత్తలు వీటి డీఎన్ఏ చదివితే, ఈ కణాలు దారిలో కనీసం అయిదుసార్లు తాము పట్టిన కుక్కల నుంచి కొత్త మైటోకాండ్రియాని దొంగిలించాయని బయటపడింది. న్యూజిలాండ్ పరిశోధకులు 2015లో ఎలుకల్లో ఇలాంటిదే చూశారు. మైటోకాండ్రియా డీఎన్ఏ తీసేసిన క్యాన్సర్ కణాలు ఎలుకలో గడ్డ కట్టడానికి చాలా ఆలస్యం చేశాయి. చివరికి పెరిగిన గడ్డల్లో చూస్తే ఎలుక సొంత మైటోకాండ్రియా డీఎన్ఏ కనబడింది. పాడైన మైటోకాండ్రియాయే క్యాన్సర్‌కి బలమైతే, ఇలా మంచిదాన్ని వెతుక్కుని తెచ్చుకోవలసిన పని దానికి ఉండేది కాదు.

ఇక ఫ్రీ రాడికల్స్ సంగతి. తిండిలోంచి తీసిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలోని ప్రోటీన్ సముదాయాల మీదుగా చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ని చేరతాయి. దారిలో, ముఖ్యంగా ఒకటో సముదాయం దగ్గర, మూడో సముదాయం దగ్గర, కొన్ని జారిపోయి ముందే ఆక్సిజన్‌కి అంటుకుంటాయి. అలా పుట్టేది సూపరాక్సైడ్. దాన్ని ఎస్‌ఓడీ2 అనే ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్‌కి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. డీఎన్ఏని నిజంగా గాయపరిచేది ఇదే. గ్వానిన్ అనే అక్షరం 8-ఆక్సోగ్వానిన్‌గా మారిపోతే, కాపీ తీసేటప్పుడు దాని ఎదుట సైటోసిన్ బదులు ఎడినిన్ వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు తర్వాతి తరం కణాల్లో జీ (గ్వానిన్) ఉండాల్సిన చోట టీ (థైమిన్) ఉంటుంది. మీరు పుస్తకంలో చదివిన ఈ వరుసలో ఏ మెట్టూ తప్పు కాదు.

తప్పు ఆ మెట్లన్నీ కలిపేసి, కాబట్టి మైటోకాండ్రియాలో లేచిన రవ్వలు ఎగిరి వెళ్లి కేంద్రకంలోని డీఎన్ఏని కాలుస్తాయి అనడంలో ఉంది. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటనే, పక్కన ఏది దొరికితే దానితో కలిసి అయిపోతుంది. కేంద్రకం దాకా ప్రయాణం చేసే తీరిక దానికి లేదు. పెరాక్సైడ్ కొంతదూరం పోగలదు, కానీ దారి పొడుగునా దాన్ని పట్టి నీరుగా మార్చే ఎంజైములు కాపు కాస్తుంటాయి. 2024లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. కణంలో తాము కోరిన చోట పెరాక్సైడ్ పుట్టించే ఎంజైమ్‌ని పెట్టారు. డీఎన్ఏ పక్కనే పుట్టిస్తే డీఎన్ఏ దెబ్బతింది. మైటోకాండ్రియా దగ్గర పుట్టిస్తే కేంద్రకంలోని డీఎన్ఏకి నేరుగా దెబ్బ కనిపించలేదు. ఒక్క ప్రయోగంతో దశాబ్దాల చర్చ ముగిసిపోదు. నా మటుకు నేను మాత్రం పాఠం చెప్పేటప్పుడు ఆ పాత బొమ్మ గీయడం మానేశాను.

మీరిక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. కేంద్రకం దూరం సరే, మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంది కదా, అది పొయ్యి పక్కనే ఉంది కదా అని. మంచి ప్రశ్న. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏ 16,569 అక్షరాల చిన్న వలయం. అందులో 37 జన్యువులు. 1981లోనే కేంబ్రిడ్జ్‌లో దాన్ని పూర్తిగా చదివేశారు. ఒక్కో కణంలో దానికి వందల నుంచి వేల కాపీలు ఉంటాయి. 1998లో పెద్దపేగు క్యాన్సర్ కణజాతులు 10 పరీక్షిస్తే ఏడింట్లో ఈ వలయంలో మార్పులు కనిపించాయి. అప్పట్లో అందరూ, చూశారా, రవ్వల దెబ్బే అన్నారు. అదే నిజమైతే ఆ మార్పులు ఎక్కువగా జీ నుంచి టీకి ఉండాలి. 2014లో 1,675 మంది రోగుల గడ్డలు చదివి చూస్తే అలా లేదు. ఎక్కువ మార్పులు సీ నుంచి టీకి, టీ నుంచి సీకి. అదీ వలయంలోని రెండు పోగుల్లో ఒకదాని వైపే మొగ్గు. ఇవి కాపీ తీసేటప్పుడు పడే తప్పుల గుర్తులు. పొయ్యి పక్కన పెట్టిన పుస్తకంలో కాలిన మచ్చలు ఉంటాయనుకున్నాం, దొరికినవి రాయసగాడి అచ్చుతప్పులు.

ఈ మార్పుల్లో ఎక్కువ భాగం క్యాన్సర్‌ని నడిపించేవి కావు, దానితో పాటు ప్రయాణం చేసేవి. కొన్ని రకాల కిడ్నీ, థైరాయిడ్ గడ్డలు మాత్రం వేరు. ఆంకోసైటోమా అనే కిడ్నీ గడ్డ స్లైడు మొదటిసారి చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. కణం కణమంతా గులాబీ రంగు నూకల్లా మైటోకాండ్రియాతో కూరి ఉంది. ఒకటో సముదాయం జన్యువులు తెగిపోయి, పనిచేయని మైటోకాండ్రియా కుప్పలుగా పేరుకుపోతే అలా అవుతుంది. విశేషం ఏమిటంటే అలాంటి గడ్డ సాధారణంగా ప్రమాదకరమైనది కాదు. మైటోకాండ్రియా పూర్తిగా మూలబడితే క్యాన్సర్ విజృంభిస్తుంది అనే వాదనకు ఇదొక గట్టి ఎదురుదెబ్బ.

మరి మైటోకాండ్రియాకీ డీఎన్ఏ దెబ్బకీ సంబంధమే లేదా? ఉంది. నేను ఈ రంగంలో ఉండిపోవడానికి కారణం ఆ సంబంధమే. అది రవ్వల ద్వారా కాదు, సరుకుల ద్వారా వస్తుంది.

క్రెబ్స్ చక్రం గుర్తుందిగా, మైటోకాండ్రియాలో తిండిని మెట్టుమెట్టుగా మండించే చర్యల వరుస. అందులో సక్సినేట్‌ని ఫ్యూమరేట్‌గా మార్చే ఎంజైమ్ ఎస్‌డీహెచ్. 2000లో కుటుంబాల్లో వచ్చే పారాగాంగ్లియోమా అనే మెడ దగ్గరి గడ్డలకు ఈ ఎంజైమ్‌లోని ఒక ముక్క జన్యువు పాడవడమే కారణమని తేలింది. రెండేళ్లకు దాని తర్వాతి ఎంజైమ్ ఫ్యూమరేజ్ పాడైన కుటుంబాల్లో చర్మం, గర్భాశయం కండర గడ్డలు, ఒక మొండి రకం కిడ్నీ క్యాన్సర్ వస్తున్నాయని తెలిసింది. 2008లో మెదడు గడ్డల్లో ఐడీహెచ్1 అనే ఎంజైమ్ మారి ఉండటం బయటపడింది. దాని అన్నలాంటి ఐడీహెచ్2 మైటోకాండ్రియాలో ఉంటుంది, అది కొన్ని రక్త క్యాన్సర్లలో మారుతుంది. మారిన ఐడీహెచ్ కణంలో మామూలుగా నామమాత్రంగా ఉండే 2-హైడ్రాక్సీగ్లుటరేట్‌ని గుట్టలు గుట్టలుగా తయారు చేస్తుంది.

సక్సినేట్, ఫ్యూమరేట్, ఈ 2-హైడ్రాక్సీగ్లుటరేట్ మూడూ ఆ చక్రంలోనే ఉండే ఆల్ఫా కీటోగ్లుటరేట్ అనే పదార్థానికి దగ్గరి పోలిక ఉన్నవి. ఆల్ఫా కీటోగ్లుటరేట్ లేనిదే పనిచేయని ఎంజైములు కణంలో డజన్ల కొద్దీ ఉన్నాయి. డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు చెరిపేవి, హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల) మీది గుర్తులు చెరిపేవి అందులోవే. దొంగ తాళం చెవి తాళంలో ఇరుక్కున్నట్టు ఈ మూడూ వాటిలో దూరి పని ఆపేస్తాయి. దాని ఫలితం రెండు విధాలు. ఒకటి, ఏ జన్యువు తెరవాలి, ఏది మూయాలి అన్న గుర్తులు తారుమారై కణం పరిపక్వం కావడం మరిచిపోతుంది. రెండోది మీ ప్రశ్నకు గుండెకాయ. డీఎన్ఏ రెండు పోగులూ తెగినప్పుడు తప్పు లేకుండా అతికే యంత్రాంగాన్ని తెగిన చోటికి పిలవాలంటే అక్కడి హిస్టోన్ గుర్తులు సరిగా మారాలి. అవి మారవు, మరమ్మతు మనుషులు రారు. 2017లో, 2018లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇది చూపించారు. ఇలాంటి కణాలు, తెగిన డీఎన్ఏని అతకడానికి కావలసిన బీఆర్‌సీఏ జన్యువు పాడైన కణాల్లా ప్రవర్తిస్తాయి. బీఆర్‌సీఏ రోగులకు ఇచ్చే ఒలాపరిబ్ లాంటి మందులకు లాబులో ఇవి కూడా లొంగాయి. అంటే మైటోకాండ్రియా డీఎన్ఏకి నిప్పు పెట్టడం లేదు, ఆర్పేవాళ్ల చేతులు కట్టేస్తోంది.

ఈ అవగాహన మందుల దాకా వచ్చింది. మారిన ఐడీహెచ్2ని ఆపే ఎనాసిడెనిబ్‌కి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది, మెదడు గడ్డలకు వోరాసిడెనిబ్‌కి 2024లో వచ్చింది. అయితే ఈ మార్పులన్నీ కొద్ది రకాల క్యాన్సర్లకే సొంతం. మామూలు రొమ్ము క్యాన్సర్‌లో ఇవి చాలా అరుదు. కాబట్టి మీ అమ్మగారి విషయంలో ఇదే కారణమని అనుకోకండి.

అన్ని క్యాన్సర్లకూ వర్తించేది ఇంకొకటి ఉంది. డీఎన్ఏ బాగుచేయలేనంతగా దెబ్బతింటే కణం చచ్చిపోవాలి. ఆ తీర్పు అమలయ్యేది మైటోకాండ్రియాలో. దెబ్బ సంగతి పీ53 అనే కాపలా ప్రోటీన్ గమనిస్తుంది, అది ప్యూమా లాంటి ప్రోటీన్లను పంపుతుంది, బ్యాక్స్, బ్యాక్ అనేవి మైటోకాండ్రియా బయటి పొరకు రంధ్రాలు పెడతాయి, సైటోక్రోమ్ సీ బయటికి కారుతుంది, దానితో కణాన్ని ముక్కలు చేసే ఎంజైములు మేలుకుంటాయి. మామూలుగా మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు మోసే సైటోక్రోమ్ సీకి ఈ రెండో ఉద్యోగం ఉందని 1996లో షియావోడాంగ్ వాంగ్ బృందం చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదట. బ్రతుకు నడిపే అణువే చావు కబురు మోస్తుందంటే నమ్మడం కష్టమే. క్యాన్సర్ కణాలు బీసీఎల్2 లాంటి ప్రోటీన్లను పెంచుకుని ఆ రంధ్రాలు పడకుండా అడ్డుకుంటాయి. 2016లో వచ్చిన వెనెటోక్లాక్స్ మందు ఆ అడ్డునే తీసేస్తుంది. పీ53 పోయిన రక్త క్యాన్సర్‌లో కూడా అది పనిచేయడం చూసినప్పుడు మా లాబులో నిజంగా పండగలా అనిపించింది.

ఇక్కడే ఒక చీకటి కోణమూ ఉంది. 2015లో గ్లాస్గో పరిశోధకులు చూపించినది: చావు సంకేతం బలహీనంగా ఉంటే, కణంలోని వందల మైటోకాండ్రియాలో కొన్నింటికే రంధ్రాలు పడతాయి. కణం చావదు. కానీ మేలుకున్న ఆ కాసిని ఎంజైములు డీఎన్ఏని కోసే కత్తెరను కొద్దిగా వదులుతాయి. కణం బతికి బట్టకడుతుంది, తెగిన డీఎన్ఏతో. మైటోకాండ్రియా నుంచి కేంద్రక డీఎన్ఏకి దెబ్బ తగిలే దారుల్లో నాకు అన్నిటికంటే నమ్మదగ్గదిగా తోచేది ఇది.

పైన సరుకుల మాట అన్నాను కదా, ఒక విషయం చెప్పకుండా ఉండలేను. మైటోకాండ్రియా తయారు చేసే ఏటీపీని (కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం) 1929లో హార్వర్డ్‌లో కనుగొన్నది సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తర్వాత లెడర్లీ సంస్థలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులు తయారు చేసింది. వాటిలో ఎమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు మరణించింది కూడా ఆ ఏడాదే. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్‌కి ఎన్నో ఏళ్లు ప్రధాన మందుల్లో ఒకటిగా ఉంది. ఫోలేట్ ఆధారంగా డీఎన్ఏ అక్షరాలకు కావలసిన ముక్కల్లో పెద్ద వంతు సరఫరా చేసేది మైటోకాండ్రియాయే అని ఇప్పుడు మనకు తెలుసు.

ఇప్పుడు మాత్రల సంగతి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఈ ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. రెండేళ్లకు అమెరికాలో ఇలాంటి పరీక్షలోనే 28 శాతం పెరిగింది. విటమిన్ ఈ ఇచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో, 2011 నాటికి, ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైంది. కారణం ఊహించడం కష్టం కాదు. క్యాన్సర్ కణం తనలో పుట్టే రాడికల్స్ బరువును మోస్తూ అంచు మీద బతుకుతుంటుంది. మనం మాత్రలు వేసి ఆ బరువు దించుతున్నాం. స్వీడన్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో విటమిన్ ఈ, ఎన్ఏసీ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల గడ్డలు ఇంకా త్వరగా పెరిగాయి. కీమో సమయంలో యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడిన రొమ్ము క్యాన్సర్ రోగుల్ని గమనించిన ఒక అమెరికా అధ్యయనంలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. లెక్కల ప్రకారం అది గట్టిగా నిలబడే ఫలితం కాదు, కానీ మొగ్గు మంచి వైపు లేదు. కూరగాయలు, పళ్లు మామూలుగా తిననివ్వండి, డాక్టర్ వద్దన్నవి తప్ప. సీసాల్లో వచ్చేవి ఏవైనా డాక్టరుకు చూపించకుండా వేయకండి.

అన్నం మాన్పిస్తే గడ్డకి గ్లూకోజ్ అందకుండా పోదు. కాలేయం కండరాన్ని కరిగించి అయినా రక్తంలో గ్లూకోజ్‌ని నిలబెడుతుంది. గడ్డ గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంతో, కొవ్వుతో కూడా గడుపుకుంటుంది. మధ్యలో చిక్కిపోయేది మీ అమ్మగారు. బరువు బాగా తగ్గితే కీమో డోసు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సి రావచ్చు. మా కుటుంబంలోనే ఒక పెద్దావిడ ఇలాంటి సలహా విని రెండు నెలలు జావ మీద ఉండి, తర్వాతి సైకిల్‌కి నిలబడలేకపోయింది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను. పప్పన్నం, పెరుగు, తినే అలవాటుంటే గుడ్డు, చేప, ఆమెకు సహించేది ఏదైనా పెట్టండి. షుగర్ ఉంటే దాన్ని అదుపులో పెట్టడం వేరే సంగతి, అది తప్పనిసరి. మైటోకాండ్రియా ఒకటో సముదాయాన్ని కొద్దిగా ఆపే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మీద కూడా చాలా ఆశలుండేవి. షుగర్ లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్షలో, 2022లో వచ్చిన ప్రధాన ఫలితం ప్రకారం, జబ్బు తిరిగి రాకుండా అది ఆపలేకపోయింది.

చివరిగా మీ భయం గురించి. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, నిజమే. కానీ మైటోకాండ్రియాని కట్టే వెయ్యికి పైగా ప్రోటీన్లలో 13 తప్ప మిగతా అన్నింటి జన్యువులూ కేంద్రకంలో ఉన్నాయి, అవి తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. పైన చెప్పిన పారాగాంగ్లియోమా జన్యువు ఎస్‌డీహెచ్‌డీ దాదాపు ఎప్పుడూ తండ్రి నుంచి వచ్చినప్పుడే జబ్బు తెస్తుంది. అది కూడా మైటోకాండ్రియా ఎంజైమే మరి. రొమ్ము క్యాన్సర్ విషయంలో కుటుంబంలో దిగే ముప్పు ఎక్కువగా బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి కేంద్రక జన్యువులది, చాలామంది రోగుల్లో అవి మామూలుగానే ఉంటాయి. మీ అమ్మగారికి జబ్బు 50 ఏళ్ల లోపు వచ్చిందా, బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 (గడ్డ కణాల్లో వెతికే మూడు ప్రోటీన్లు) మూడూ నెగటివ్ అని ఉందా, అటు అమ్మమ్మ వైపు గానీ ఇటు తాతయ్య వైపు గానీ రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా, ఈ మూడు వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వచ్చే కీమో రోజున తీసుకెళ్లి, జన్యు పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. పరీక్ష చేయాల్సి వస్తే ముందు అమ్మగారికి చేస్తారు. అందులో ఏదైనా దొరికితేనే మీకు.